గుంజినకొద్దీ ఉరికింది

మలక్‌పేట రేస్ కోర్సులో ఏళ్ళ తరబడి గ్యాలరీలో కూర్చున్నవాణ్ణి. గుర్రమంటే నాకు ప్రాణం. ప్యాడక్‌లో నడిపిస్తున్నప్పుడే ఏది తేలిగ్గా అడుగు వేస్తోందో, ఏది పందెం మొదలవకముందే చెమటతో తడిసిపోయిందో చూసి పక్కవాళ్ళకు చెప్పేవాణ్ణి. 1868లో మౌలాలీలో మొదలైన పందేలు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, మలక్‌పేటకు మారాయని తెలుసు. మనుమంచి భట్టు తెలుగులో రాసిన అశ్వశాస్త్రం, హయలక్షణ విలాసము, మా ఇంటి అల్మరాలో ఉంది. ఇన్ని తెలిసినవాడికి గుర్రం కూడా తెలిసే ఉంటుందని మనస్ఫూర్తిగా నమ్మాను. ఆ నమ్మకం వల్ల ఒక మూగజీవి నోరు చీలింది. అంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను.

శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్ళే దారి పక్కన చిన్న రైడింగ్ స్కూల్ ఒకటుంది. జీనోమ్ వ్యాలీలో ఉద్యోగం నాకు. ఆదివారాలు అక్కడికి వెళ్ళేవాణ్ణి. స్వారీ నేర్చుకున్నది ఒక ముసలి ఆడగుర్రం మీద. పగ్గం లాగితే ఆగేది, మడమ తగిలిస్తే కదిలేది. ఎంతమంది కొత్తవాళ్ళ పొరపాట్లు భరించి ఆ ఓర్పు నేర్చుకుందో నేను ఆలోచించలేదు. అది నా చేతి నేర్పనుకున్నాను.

ఆ వేసవిలో పందేల నుంచి రిటైరైన థరోబ్రెడ్ ఒకటి వచ్చింది. ఎర్రగోధుమ రంగు, సన్నని కాళ్ళు, నుదుట చిన్న చుక్క. ఇంగ్లండులో మూడు వందల ఏళ్ళ కిందట తూర్పు దేశాల మగగుర్రాలను అక్కడి ఆడగుర్రాలతో కలిపి పుట్టించిన జాతి ఇది. ఇవాళ్టి థరోబ్రెడ్ ఏదైనా సరే, తండ్రి వైపు వంశం పట్టుకుని పోతే ఆ మగగుర్రాల్లో మూడింటిలో ఏదో ఒకదాని దగ్గర తేలుతుంది. తరతరాలుగా దాని నుంచి మనిషి అడిగింది వేగం. ఈ సంగతి కూడా నాకు తెలుసు. తెలిసే, దాని మీద నేను ఎక్కుతానన్నాను.

గుర్రాలను చూసుకునే సైసు వద్దన్నాడు. మలక్‌పేట లాయాల్లో పనిచేసి వచ్చిన మనిషి. "ఇది ఇంకా మలక్‌పేటలనే ఉన్నది సార్. కొన్ని నెలలు పోనీయుండ్రి" అన్నాడు. నేను యజమానిని పట్టుకుని బతిమాలాను. ఆయన మొహమాటపడి సరేనన్నాడు.

రికాబులో కాలు పెట్టగానే అది ముందుకు నడిచింది. పందెం గుర్రం మీదికి జాకీని కాలు పట్టి ఎత్తి కూర్చోబెడతారు. గుర్రం చాలాసార్లు నడుస్తూనే ఉంటుంది. కదలకుండా నిలబడి మనిషిని ఎక్కించుకోవాలని దానికి ఎవరూ చెప్పలేదు. నేనది పొగరనుకుని పగ్గం బిగబట్టి ఒక్క గుంజు గుంజాను. కళ్ళెం పళ్ళకు తగిలిన చప్పుడు నాకు వినబడింది. "గట్ల చెయ్యకుండ్రి సార్" అన్నాడు సైసు. నేను వినలేదు.

కంచె లోపల రెండు చుట్లు బాగానే నడిచింది. బయటికి తీసుకెళ్తానన్నాను. స్కూలు వెనకాల ఒకప్పుడు ద్రాక్ష తోటలు. ఇప్పుడు ప్లాట్ల వెంచరు. సున్నం కొట్టిన హద్దురాళ్ళు, మధ్యలో మొరం పోసి రోలరు తిప్పిన రోడ్డు, కనుచూపు మేర ఒక్క మలుపు లేకుండా. ఆ రోడ్డు చూడగానే దాని చెవులు ముందుకు నిలిచాయి. ట్రాట్ అందుకుంది, వెంటనే కాంటర్. భయమేసి పగ్గాలు లాగాను. అది మెడ చాచి కళ్ళెం మీద బలంగా ఒరిగి వేగం పెంచింది. ఇంకా లాగాను, ఇంకా ఉరికింది. జారిపోతానేమోనని మోకాళ్ళూ మడమలూ డొక్కలకు అదిమాను. అంతే, వీపు కిందికి కుంగినట్టయి అసలు దౌడు మొదలైంది. దాదాపు 500 కిలోల ఒళ్ళు, గంటకు 60 కిలోమీటర్లు దాటగల కాళ్ళు. రాళ్ళన్నీ కలిసి తెల్లగోడలా కనిపించాయి. వాటి మీద పడితే ఏమవుతానో తెలిసింది. అది పడితే ఏమవుతుందో ఆ క్షణంలో నాకు తట్టలేదు.

చివరికి చేతులు తిమ్మిరెక్కి పగ్గాలు వదిలేశాను. రెండు చేతులా జూలు పట్టుకుని మెడ మీద వాలిపోయాను. కాసేపటికి అది తనంతట తానే నెమ్మదించింది. దౌడు కాంటర్ అయింది, కాంటర్ ట్రాట్, ఆ తర్వాత నడక. రోడ్డు చివర ఆగి రొప్పుతూ నిలబడింది. నన్ను పడెయ్యలేదు.

దిగగానే నేనన్న మాట: "ఇది పిచ్చి గుర్రం." దాని పెదవుల మూలల్లో నెత్తురు నురగతో కలిసి కారుతోంది. అది చూస్తూనే అన్నాను. స్కూల్లో ఒక్కో గుర్రానికీ ఒక్కో పుస్తకం ఉంటుంది. మేత, మందులు, నాడాలు మార్చిన రోజు, ఎక్కినవాళ్ళ అభిప్రాయం అందులో రాస్తారు. వణుకు తగ్గని చేత్తో రాశాను: మాట వినదు, ప్రమాదకరం.

నా తర్వాత దాన్ని ఎవరూ ఎక్కలేదు. నేర్పేవాళ్ళు కూడా పక్కన పెట్టారు. రోజూ తెల్లవారుజామున పరుగెత్తడమే అలవాటైన గుర్రం లాయంలో నిలబడిపోయింది. కొన్నాళ్ళకు తలుపు దగ్గర నిలబడి తల అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టింది. కట్టిపడేసిన గుర్రాలకు ఈ జబ్బు వస్తుంది. ఒకసారి అలవాటైతే మాన్పడం కష్టం. నా రెండు ముక్కల రాత వల్ల ఇదంతా జరుగుతోందని అప్పట్లో నాకు తెలియదు. మళ్ళీ ఆ ముసలి గుర్రం ఎక్కి, జరిగింది సాహసమని నలుగురికీ చెప్పుకుంటూ తిరిగాను.

ఒకరోజు రాజీవ్ రహదారి మీద టీ కొట్టు దగ్గర సైసును అడిగాను, ఆ రోజు అది ఎందుకలా చేసిందని. గ్లాసు కింద పెట్టి చెప్పాడు. "గుంజినకొద్దీ ఉరుకుతది సార్. మీరు ఆగుమని అన్లే. పో, పో అన్నరు. పోయింది. ఇడ్సినంక ఆగింది."

పందెంలో జాకీ పగ్గాలు పొట్టిగా పట్టుకుంటాడు. గుర్రం ఆ పట్టు మీద బరువు మోపి పరుగెత్తుతుంది. పట్టు బిగిస్తే అది దానికి ఆసరా. గీత దాటాక జాకీ రికాబుల మీద లేచి నిలబడి, ఒత్తిడి తగ్గించి, మెల్లమెల్లగా దాన్ని కిందికి దించుతాడు. ఇదంతా సైసు చెప్పాడు. నేను ఎన్నో పందేలు చూశాను. కానీ గీత దాటాక గుర్రాన్ని ఎలా ఆపుతారో ఒక్కసారీ చూడలేదు. ఆ సమయానికి నా కళ్ళు ఫలితాల బోర్డు మీద ఉండేవి. నా ప్రేమ అంతా అక్కడికే ముగిసేది. గుర్రానికి అసలు బతుకు ఆ తర్వాతే ఉంటుంది. నాలుగైదేళ్ళకో, ఇంకొంచెం తర్వాతో పందేలు అయిపోతాయి. ఇంకా ఇరవై ఏళ్ళు బతకాల్సిన ప్రాణం. నడవడం, నిలబడడం, పగ్గం లాగితే ఆగడం అన్నీ కొత్తగా, ఓపికగా నేర్పాలి. అది నేర్పకముందే నాలాంటివాడు ఎక్కితే శిక్ష గుర్రానికి పడుతుంది.

యజమాని దగ్గరికి వెళ్ళి, నేర్చుకునే పిల్లలు వింటుండగానే జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన తలూపాడు. సైసు మాత్రం కదల్లేదు. "నోటితోని చెప్తె రేపటికి మర్చిపోతరు సార్. బుక్కుల రాయుండ్రి" అని ఆ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. పాత వాక్యం కొట్టేసి, తేదీ వేసి రాశాను: "దీనికి పగ్గం లాగడమంటే పరుగెత్తమని అర్థం. అలాగే నేర్పారు, అలాగే చేసింది. పొరపాటు ఎక్కినవాడిది. మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి; అందాకా కొత్తవాళ్ళకు ఇవ్వకూడదు." కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాను. సైసు తనకు చదివి వినిపించమన్నాడు. వినిపించాను. "నోరు మానిందని గూడ రాయుండ్రి" అన్నాడు.