తోవ తప్పి ఎముకలో పడ్డాను

బద్దెపురుగు అనగానే అందరూ మూరల కొద్దీ పొడుగును ఊహించుకుంటారు. అది మా దూరపు చుట్టాల సంగతి. మా జాతి పేరు ఎకినోకాకస్ గ్రాన్యులోసస్. పెద్దయ్యాక కూడా మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లకు మించం. తల, మెడ, వెనక మూడు నాలుగు కణుపులు, అంతే. కాపురం కుక్క చిన్నపేగులో.

నాకు ఆ పెద్దరికం రాసిపెట్టి లేదు. నల్లగొండ పక్కన పానగల్‌లో గొర్లు కాసే ఒకాయన వెన్నుపూసలో ఇరుక్కుపోయాను.

గుడ్డుగా ఉదయసముద్రం కట్ట కింది గడ్డిలో పడ్డాను. కుందూరు చోడుల నాటి చెరువు అది. ఎండ తగిలి ఎండిపోతే మా గుడ్లు చస్తాయి. చల్లని తడినేల దొరికితే నెలల తరబడి బతుకుతాయి. గొర్రె వచ్చి మేయాలి, దాని కార్జంలోనో ఊపిరితిత్తిలోనో నేను నీటితిత్తిగా ఎదగాలి, కోసినవాడు ఆ ముక్కను పనికిరాదని కుక్కకు విసరాలి. మా తోవ ఇంతే. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలోనే తెలంగాణది మొదటి స్థానం. దురాజ్‌పల్లి గొల్లగట్టు జాతరకు ఎన్ని మందలు కదులుతాయో ఈ జిల్లాలో చెప్పనక్కర్లేదు. ఇంత సంపద చుట్టూ ఉండగా నేను వెళ్లి మనిషి నోట్లో పడ్డాను.

అప్పుడాయన పిల్లాడు. గడ్డిలో పొర్లి వచ్చిన కుక్కను నిమిరి, అదే చేత్తో సద్దన్నం తిన్నాడు.

ఆయన పేగులో గుడ్డు పగిలింది. ఆరు కొక్కేలతో గోడ చీల్చుకుని రక్తంలో దూకాను. మావాళ్లలో నూటికి డెబ్బై మంది కాలేయం దగ్గరే ఆగిపోతారు, ఇంకో ఇరవై మంది ఊపిరితిత్తుల్లో. ఆ రెండూ దాటి ఎముక చేరేవాళ్లు నూటికి నలుగురు కూడా ఉండరు. చేరినవాళ్లలో దాదాపు సగం మంది వెన్నెముకలోనే తేలతారు.

కాలేయంలో అయితే బతుకు వేరు. శరీరమే చుట్టూ గట్టి పొర అల్లుతుంది. అందులో నల్లగొండ బత్తాయిలా గుండ్రంగా, నిండుగా ఎదగొచ్చు. ఎముకలో ఆ పొరా లేదు, గుండ్రంగా ఎదగడానికి చోటూ లేదు. గుల్ల ఎముక సందుల్లోకి చిన్న చిన్న బుడగలుగా పాకడమే. ఎటు మెత్తగా ఉంటే అటు. నా ఒత్తిడికి రక్తం అందక ఎముక కరుగుతూ వచ్చింది. ఏళ్లు గడిచినా ఆయనకు నొప్పి తెలియలేదు. పైపెంకు పగిలి నేను వెన్నుపాము కాలువలోకి దిగినప్పుడుగానీ ఆయన కాళ్లకు తిమ్మిరి రాలేదు.

ఈ విధ్వంసంతో నాకు ఒరిగిందేమీ లేదు. మనిషి పోతే పూడుస్తారు, కాలుస్తారు, కుక్కకు వేయరు. ఆయనకు నడక పోయింది, నాకు వంశం పోయింది.

నల్లగొండలో నడుము పట్టేసిందంటే మొదట ఫ్లోరైడ్ నీళ్ల మీదికే అనుమానం పోతుంది. ఈ జిల్లా బావులు ఆ పేరు ఊరికే తెచ్చుకోలేదు. ఆ తర్వాత ఎక్స్‌రే చూసి వెన్నెముక క్షయ అన్నారు. క్షయ ఎక్కువున్న దేశంలో అలా అనుకోవడం సహజమే. అయితే క్షయ పూసల మధ్య డిస్కును తొందరగా తినేస్తుంది, నేను చాలాకాలం దాని జోలికి పోను. ఎమ్మారైలో డిస్కు నిలిచి ఉండి, పూసలో బుడగల గుంపు కనబడేసరికి డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

ఆపరేషన్‌లో నన్ను పగలనివ్వకుండా నానా తంటాలు పడ్డారు. నా నీళ్లు చిందితే రోగి ఒళ్లు ఒక్కసారిగా ఎదురుతిరిగి ప్రాణం మీదికి రావచ్చు. పడిన ప్రతిచోటా కొత్త తిత్తి మొలవనూవచ్చు. అందుకే చుట్టూ గాఢమైన ఉప్పునీటిలో తడిపిన గుడ్డలు పరిచారు. పాడైన ఎముకను తీసి కడ్డీలు బిగించారు. ఏ సందులోనో మిగిలిన నన్ను ఇప్పుడు ఆల్బెండజోల్ మాత్రలు వేధిస్తున్నాయి. ఎముకలో చిక్కినదాన్ని పూర్తిగా ఏరెయ్యడం కష్టమని, మళ్లీ రావొచ్చని డాక్టరే చెప్పాడు.

మా గుట్టు రట్టయి చాలా కాలమైంది. 1863లో ఐస్‌లాండ్‌లో క్రాబె అనే డెన్మార్క్ ఆయన మనుషుల నుంచి తీసిన తిత్తులను కుక్కలకు తినిపించి, వాటి పేగుల్లో మమ్మల్ని పట్టుకున్నాడు. కుక్కకు పచ్చి తిత్తి దొరకనివ్వొద్దని ఆ దేశంలో ఇంటింటికీ పుస్తకాలు పంచారు. ఇప్పుడక్కడ మావాళ్లు లేరు.

ఇంటికి పంపే రోజు ఆయన భార్య అడిగింది: "కుక్కను ఇడిసిపెట్టాల్నా సారూ?"

"ఎందుకమ్మా? పశువుల దవాఖానల ప్రాజిక్వాంటెల్ మాత్ర ఇప్పియ్యి. గొర్రెను కోసినప్పుడు కార్జం, ఊపిరితిత్తులు పచ్చివి ఎయ్యకు. బుడగలున్నయి లోతుగ పూడ్చిపెట్టు."

"మాత్ర ఒక్కసారి ఏస్తె సాలదా?"

"ఆరు వారాలకోసారి ఎయ్యాలె."

కుక్క పేగులో చేరిన మావాళ్లు గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి ఇంచుమించు అంతే కాలం పడుతుంది. ఈ డాక్టరు మా ఇంటి లెక్కలన్నీ చదివే వచ్చాడు.