ప్రశాంతతకు గజం ఎంత?

విశాఖ నుంచి భీమిలి పోయే బీచ్‌రోడ్డు పొడవునా ప్రశాంతత అమ్ముతున్నారు. గజాల లెక్కన, చదరపు అడుగుల లెక్కన, నెలవారీ వాయిదాల మీద. హోర్డింగు మీద పద్మాసనం వేసుకున్న అమ్మాయి, ఆమె వెనక నీలి సముద్రం, నెత్తిన ‘నగరపు రణగొణధ్వనికి దూరంగా’ అన్న అక్షరాలు. ఆ హోర్డింగు నీడలోనే రెడీమిక్స్ లారీలు హారన్లు కొట్టుకుంటూ బారులు తీరి ఉంటాయి. నగరంలో రణగొణధ్వని తగ్గిందని ఎవరైనా చెబితే నమ్మండి. అది మా వీధికి కాపురం మార్చింది.

నిజానికి ఈ తీరంలో ప్రశాంతత కోసం మొట్టమొదట స్థలం చూసుకున్నవాళ్లు బౌద్ధ భిక్షువులు. రెండువేల ఏళ్ల కిందట మంగమారిపేట పైనున్న తొట్లకొండ ఎక్కారు. రాతిలో తొట్లు తొలిచి వాననీళ్లు పట్టుకున్నారు. భిక్ష దొరికితే తిన్నారు, సముద్రం చూస్తూ ధ్యానం చేసుకున్నారు. పాపం, వాళ్లకు క్లబ్‌హౌస్ లేదు. కోరికలు చంపుకుంటే శాంతి దొరుకుతుందని వాళ్లు నమ్మారు. పక్కవాడి నోరు నొక్కితే దొరుకుతుందని మేం కనిపెట్టాం.

పక్కవాడంటే జాలరివాడు. మా అపార్టుమెంటుకు ప్లాను గీయకముందు, ఆ గీసిన ఇంజనీరు పుట్టకముందు నుంచీ ఇక్కడ ఉన్నవాడు. చీకటితోనే తెప్ప నీళ్లలోకి తోస్తాడు. తోసేటప్పుడు నలుగురూ కలిసి ఒక కేక వేస్తారు. ఆ కేక మా అసోసియేషన్ గ్రూపులో ‘నాయిస్ పొల్యూషన్’. వాళ్లింటి ఆడవాళ్లు ఇసుకలో నెత్తళ్లు ఎండబెడతారు. అది ‘హెల్త్ ఇష్యూ’. సాయంత్రం అదే జనం ఒడ్డున వల లాగుతుంటే మాత్రం బాల్కనీల్లోంచి ఫోన్లు బయటికొస్తాయి. అప్పుడది ‘లోకల్ కల్చర్’. గేటు దగ్గర గంప దించిన ముసలమ్మను వాచ్‌మన్ అడ్డుకుంటే ఆవిడ అడిగిన మాటకు మా కార్యవర్గం ఇంతవరకూ జవాబు వెతుక్కోలేదు: “మా సేపలు కంపంటారు, మల్లీ మా కాడే కొంటారు. ఏ పూట కంపు కొడతాదో సెప్పండి బాబూ, ఆ పూట రాను.”

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు మోగకూడదు. ఈ నియమం జాలరిపేటలో గంగమ్మ పండగ రాగానే మాకు కంఠతా వస్తుంది. ఎదుటి రిసార్టులో ‘బీచ్ వెడ్డింగ్’ సంగీత్ అర్ధరాత్రి దాటినా మోగుతుంటే నాలుక మీదికి రాదు. ఆ పెళ్లివారు కూడా ప్రశాంతత వెతుక్కుంటూ వచ్చినవాళ్లే మరి, డీజేని వెంటబెట్టుకుని. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట బందు. చేపలు కలతలేకుండా గుడ్లు పెట్టుకోవాలని ఏర్పాటు. చేపలకు 61 రోజుల ఏకాంతం రాసిచ్చిన దేశంలో మనిషికి ఒక్క శనివారం రాత్రి దిక్కులేదు. అన్నట్టు, 2025 జూన్ 21న ఇదే రోడ్డు మీద చాపలు పరిచి, మైకులు పెట్టి, లక్షలమందితో ఒక్కసారే యోగా చేయించారు. అంతర్ముఖులు కావడానికి అంత జనసమీకరణ లోకంలో మరెక్కడా చూడం.

పోనీ కెరటాల చప్పుడైనా వింటామా అంటే, కిటికీలు తీయం. తీస్తే ఉప్పుగాలి. ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుప చువ్వను తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. అయిదేళ్లు తిరక్కుండా బాల్కనీ కింద పెచ్చులు, ఏసీ అవుట్‌డోరుకు చిల్లులు. అందుకని తలుపులన్నీ బిగించి, ఏసీ వేసుకుని, నిద్రపట్టడానికి ఫోన్లో అలల చప్పుడు పెట్టుకుంటాం. అసలు సముద్రం అద్దం అవతల ఉచితంగా ఘోషిస్తూ ఉంటుంది.

నీళ్ల సంగతి మరీ ముచ్చట. బోర్లు పోటీపడి తోడాం. మంచినీళ్లు ఖాళీ అయినచోటికి భూమిలోంచే ఉప్పునీళ్లు జొరబడ్డాయి. ఇప్పుడు కనుచూపు మేర నీళ్లు పెట్టుకుని వాటికి వీపు తిప్పి, ట్యాంకరు ఎటునుంచి వస్తుందా అని రోడ్డువైపు చూస్తుంటాం. వాడిన నీళ్లు గెడ్డల్లో పడి నల్లగా నురుగులు కక్కుతూ కడలిలోకి పోతాయి. సముద్రంలో ఇంగువ కలిపితే వాసన తెలియదని పెద్దలన్నారు. మనం కలుపుతున్నది ఇంగువ కాదని వాళ్లకు ఎవరు చెబుతారు? రుషికొండ బీచ్‌కు 2020లో శుభ్రతకు గుర్తుగా బ్లూ ఫ్లాగ్ వచ్చింది. 2025లో కొన్నాళ్లు జెండా దింపారు, మళ్లీ ఎగరేశారు. ఎగరడం, దిగడం జెండాకే. గెడ్డ మాత్రం ఒక్క పూట సెలవు పెట్టలేదు.

ఇక చట్టం. 1991లో తీరప్రాంత నియంత్రణకు సి.ఆర్.జెడ్. నోటిఫికేషన్ వచ్చింది. పోటురేఖ నుంచి 500 మీటర్ల దాకా కట్టడాలకు షరతులన్నారు. పల్లె తీరాల్లో మొదటి 200 మీటర్లలో కొత్తగా కట్టనే కూడదన్నారు. 2019లో జనసాంద్రత ఎక్కువున్న పల్లెలకు ఆ 200ని 50 చేశారు. సముద్రమేమో ఒడ్డును కోసుకుంటూ మనవైపు వస్తోంది. మనమేమో గీతను దానివైపు జరిపి ఎదురెళ్లాం. ఇంత మర్యాదగా అతిథిని ఎదుర్కోలు చేసుకునే జాతి మరొకటి ఉండదు. తాతలనాటి పాక మీద రేకు మార్చబోయిన జాలరివాడికి మాత్రం ఆ గీత ఇనుపకంచె. పర్మిషన్ ఏదని అడుగుతారు. పదంతస్తులవాడిని ‘సీ వ్యూ ఉందా’ అని అడుగుతారు.

ఇసుక కథా అంతే. నైరుతి గాలుల కాలంలో ఒడ్డు వెంబడి ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఔటర్ హార్బరు గోడలు దాని దారికి అడ్డం. దాంతో ఆర్కే బీచ్ అరుగుతుంది. అరిగినచోటికి హార్బరు దగ్గర తవ్విన ఇసుకను తెచ్చి పోస్తారు. సముద్రం పట్టుకుపోతుంది. మళ్లీ పోస్తారు. పని దొరకాలే గాని, ఇంతకన్నా శాశ్వత ఉపాధి మరొకటి లేదు. కొండల సంగతి చెప్పనే అక్కర్లేదు. రుషికొండను చెక్కేశారు, కొన్నాళ్లు పచ్చ పరదా కప్పారు, వందల కోట్ల భవనాలు నిలబెట్టారు, తరవాత వాటినేం చేయాలా అని తల పట్టుకున్నారు. వేల ఏళ్లుగా గాలీ వానా ఇసుకా కలిసి చెక్కిన ఎర్రమట్టి దిబ్బల దగ్గరికీ యంత్రాలు వెళ్లాయి. ఏ పార్టీ జెండా కింద పనిచేసినా బుల్‌డోజరు రంగు పసుపే.

వేసవికి ముందు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. పిల్లలు బయటపడగానే వెలుతురున్న వైపు పాకుతాయి. మెరిసే సముద్రమే వెలుతురని వాటి పుట్టుబుద్ధి. ఇప్పుడు మా ఫ్లడ్‌లైట్లు సముద్రం కన్నా బాగా మెరుస్తాయి గనుక కొన్ని రోడ్డెక్కుతాయి. బ్రోచరు చూసి మోసపోయినవాళ్లలో తాబేళ్లు కూడా ఉన్నాయన్నమాట.

అసలైన ప్రశాంతత మాకు ఒక్కసారి దొరికింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక. కరెంటు లేదు, సెల్ టవరు లేదు, టీవీ లేదు, రోడ్డు మీద కూలిన చెట్లు తప్ప బండి లేదు. హోర్డింగులన్నీ నేలమీద సాష్టాంగపడి ఉన్నాయి. రాత్రి చుక్కలు కనిపించాయి. లక్షలు పోసి కొన్న సరుకు మొదటిసారి పూర్తిగా చేతికొచ్చింది. ఒక్కరైనా భరించారా? మర్నాటికే అద్దె జనరేటరు కోసం కొట్టుకున్నాం.

ఇవన్నీ ఆలోచించి మా అసోసియేషన్ కొన్ని తీర్మానాలు చేసింది. ఒకటి: జాలరిపేట వైపు గోడ మరో నాలుగు అడుగులు లేపాలి. రెండు: చేపల గంపలు గేటు దాటరాదు, అయితే యాప్‌లో తెప్పించుకున్న చేపలకు అభ్యంతరం లేదు. మూడు: రిసార్టు యజమాని మన పోషకుడు గనుక డీజే విషయం వచ్చే సమావేశానికి వాయిదా. నాలుగోది సముద్రం గురించి. ఆటుపోట్లు సభ్యులకు ఇబ్బంది లేకుండా చూడాలని కోరుతూ పైవాళ్లకు అర్జీ.

అర్జీ పెట్టినవాళ్లకు ఒక మనవి. కాకినాడ పక్కన ఉప్పాడలో సముద్రం ఇళ్లు పట్టుకుపోయింది, రోడ్డు కోసింది, అడ్డం వేసిన రాళ్లనూ ఇసుక సంచులనూ చెల్లాచెదురు చేసింది. అక్కడివాళ్లూ అర్జీలు పెట్టారు. మన అసోసియేషన్‌లో సముద్రం సభ్యుడు కాదు, మెయింటెనెన్సు కట్టదు, తీర్మానాలు చదవదు. బాకీ మాత్రం వసూలు చేసుకుంటుంది. రసీదు ఇచ్చే అలవాటు దానికి లేదు.