కుచ్చుల అష్టోత్తరం

ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలపు దుస్తులు తామే కుట్టుకుని, తొడుక్కుని ఊరేగే మహిళలు కొందరుంటారు. వాళ్లను గుర్తుపట్టడం సులువు. మ్యూజియంలో జనమంతా చిత్రంలోని సుందరి మొహం చూస్తుంటే, ఒకావిడ మాత్రం గొంతుక్కూర్చుని ఆ సుందరి పాదాల దగ్గర ఏదో లెక్కపెడుతూ ఉంటుంది. ఆ చిత్రం జేమ్స్ టిస్సో గీసినదైతే, కాపలావాడు దీపాలు ఆర్పితే గానీ లేవదు. గౌను అంచున ఒక్క కుచ్చు వదలకుండా గీసిన మహానుభావుడాయన.

ఆవిడ కుడుతున్నది 1872 నాటి గౌను. నడుం వెనక ఎత్తుగా బసిల్, కింద నేల తుడిచే అంచు. రంగు లావెండరు. ఆ రోజుల్లో పోయినవాళ్ల కోసం నలుపు వేసుకుని వేసుకుని, మైల సగం తీరాక వేసుకునే రంగుల్లో అదొకటి.

అంచు చుట్టూ నైఫ్ ప్లీట్లు, అంటే అన్నీ ఒకే వైపుకు తిరిగిన సన్నని మడతలు, వేయాలి. పైకి అంగుళం కనబడాలంటే లోపల రెండంగుళాల గుడ్డ దాక్కోవాలి. కనుక మూడు గజాల అంచుకు తొమ్మిది గజాల పట్టీ. 45 అంగుళాల పన్నాలో ఎనిమిది పట్టీలు కోసి అతకాలి. అతుకు మడత లోపలే పడాలి. పైకి కనబడిందా, ఆ రాత్రి ఆవిడకు భోజనం సహించదు. అంగుళానికో మడత చొప్పున వరసకు 108. అలాంటివి మూడు వరసలు. సొంత పాదాలకే మూడు అష్టోత్తరాలన్నమాట, నామానికి రెండేసి గుండుసూదులతో.

మడతలు నిలవడానికి వెనిగర్ కలిపిన నీళ్లలో తడిపిన గుడ్డ కప్పి ఇస్త్రీ చేస్తుంది. చల్లారేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. భోజనాల బల్ల మీద పట్టీ ఆరుతుంటే ఇంటిల్లిపాదీ నిలబడి తింటారు.

"ఇస్త్రీపెట్టె ఎలాగూ వేడిగా ఉందిగా, నా చొక్కా కూడా..." అంటాడు భర్త.

"దానికి ప్లీట్లున్నాయా?"

ఆయన నలిగిన చొక్కాతోనే ఆఫీసుకు వెళతాడు.

పాలియెస్టర్‌కు వేడి తగిలిస్తే మడత శాశ్వతంగా నిలిచిపోతుంది. అయినా ఆ మాట ఆవిడ ముందు ఎత్తకూడదు, అది అప్పట్లో లేదు. కుట్టుమిషను మాత్రం వాడుతుంది. హోవ్ 1846లో, సింగర్ 1851లో పేటెంట్లు తీసుకున్నారు కాబట్టి దానికి అనుమతుంది. మిషను వస్తే ఆడవాళ్లకు పని తగ్గుతుందనుకున్నారు. మిగిలిన పొద్దంతా వాళ్లు కుచ్చులకే ధారపోశారు. ఈవిడా ఆ సంప్రదాయం తప్పలేదు. శ్రమ తగ్గుతుందని 1866 నాటి పేటెంటు ఉన్న జెనీవా ఫ్లూటర్ అనే గాళ్ల ఇస్త్రీ సాధనాన్ని పాతసామాన్ల కొట్లో కొంది. అది ఇంట్లో అడుగుపెట్టగానే గౌనుకు నాలుగో వరస పుట్టింది.

ఇవన్నీ ఒక ఎత్తు, గౌను లోపలి పట్టీ ఒక ఎత్తు. నేల మట్టి దానికే అంటాలి, విప్పి ఉతుక్కోవాలి. ఎవరికీ కనబడదు. అందుకే ఆవిడ ఎదురైన వాళ్లందరికీ అంచు ఎత్తి చూపిస్తుంది. నిజంగా విక్టోరియా రాణి కాలమే అయితే, చీలమండలు చూపించినందుకు ఊళ్లోంచి వెలేసేవారు.

చివరికి కెంట్‌లోని రోచెస్టర్‌లో నవలాకారుడు డికెన్స్ పేరిట జరిగిన ఉత్సవానికి ముస్తాబై వెళ్లింది. జనం ఫొటోలు తీశారు, పిల్లలు తొక్కారు. అంతలో పొడుగు టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. ఆయనా ఆ జాతే. కళ్లజోడు సవరించుకుని, కుచ్చులు పరిశీలించి, విజయగర్వంతో అన్నాడు:

"అమ్మా, ఈ గౌను 1872 నాటిది. డికెన్స్ గారు 1870లోనే పోయారే!"

ఆవిడ కొంగుకు బదులు చేతిరుమాలు కళ్లకద్దుకుంది.

"అందుకేనండీ, లావెండరు వేసుకున్నాను."