పరోక్షప్రియులు

మా పెద్దక్కయ్యను వివాహమాడిన నాటినుండి నాపై సర్వాధికారములను సంపాదించుకొన్న మా బావగారు గణితోపాధ్యాయులుగా చిరకాలము పనిచేసి విరమించినవారు; మితభాషులు కారు గాని మితవ్యయులు; ఋణమెరుగరు, రోగమెరుగరు, ఆదివారమునాడు సైతము తెల్లవారుజామున తాము లేచి ఇంటిల్లిపాదిని లేపుదురు. ఇన్ని సుగుణములు మూర్తీభవించిన ఆ మహాశయునియందు భగవంతుడు, దిష్టి తగులకుండుటకు కాబోలు, ఒక్క దోషమును నిలిపియుంచినాడు. బండికి ఒక విడిభాగము కావలసివచ్చెనా, తమ యెదుట నున్న అంగడిని ఆయన విశ్వసింపరు. ఎదుట లేని అంగడిని ఎవరైన ఒక్కమాట అన్నచో సహింపరు. షోరూములో నిలుచున్నంతసేపు ఆన్‌లైను బేరములను కీర్తింతురు. ఇంటికి వచ్చి ఫోను చేతబట్టిన మరుక్షణమే, "ఎంతైనా కంపెనీ కౌంటర్లో కొన్నదే పార్టు" అని నిట్టూర్తురు. దేవతలు పరోక్షప్రియులని పెద్దలందురు. ఈ ఒక్క విషయమున మా బావగారు దేవతాంశసంభూతులు.

ఇట్టివారు వీధికొకరు లేకపోలేదు. ఒకరికి కారు, ఒకరికి బోరు మోటారు, ఏమియు లేనివారికి మిక్సీ జారు. వాహనభేదమే గాని తత్త్వభేదము లేదు. మా బావగారి పాలికి వచ్చినది బజాజ్ చేతక్. రాణా ప్రతాపుని అశ్వము పేరిట 1972లో వెలువడి, ఒకానొక కాలమున పైకము కట్టి ఏండ్ల తరబడి నిరీక్షించినగాని చేతికి రాక, పెండ్లికుమారుల కోర్కెలలో అగ్రస్థానమలంకరించి, తుదకు తయారీ నిలిచిపోయిన ఆ స్కూటరును మా తండ్రిగారే అల్లునికి ఇప్పించినారు కనుక, దానిని విమర్శించుటకు నాకు వంశపారంపర్యమైన హక్కు కొంత కలదని నా నమ్మకము. హల్దీఘాటీ రణమున గాయపడియు ఆ అశ్వరాజము యజమానిని మోసికొని శత్రువుల బారి దాటించినదని ప్రసిద్ధి. ఈ చేతక్ విషయమున సంప్రదాయము తారుమారైనది: క్లచ్ తీగ తెగినప్పుడు ముందు యజమానియు, వెనుక యజమాని బావమరదియు కలిసి దీనినే బెంజి సర్కిల్ దాటింతురు.

ఇక షోరూము. చేతక్ అను పేరు 2020లో విద్యుత్ స్కూటరుగా పునర్జన్మమెత్తినది. ఆ సంగతి బావగారు పత్రికలో చదివినవారే, తమ స్కూటరునకు పెట్టిన పేరు మరొకదానికి పెట్టుట అన్యాయమని ఒక పూట భోజనము సయించక బాధపడినవారే. అయినను ఏమియు నెరుగనట్లు కౌంటరు వద్దకు పోయి, "చేతక్‌కి కార్బొరేటర్ జెట్ కావాలి బాబూ" అని అడుగుదురు.

"చేతక్‌కి కార్బొరేటర్ ఉండదండి," అని ఆ కుర్రవాడు వినయముగానే చెప్పును.

"ఉండదా? అయితే నువ్వు పుట్టకముందు నుంచీ నేను బ్రష్షు పెట్టి కడుగుతున్నది ఏమిటయ్యా?"

పాపము, ఆ కుర్రవానికి పెట్రోలులో ఆయిలు కలిపి పోయు కాలమే తెలియదు. లోపలినుండి తల నెరసిన ఉద్యోగి ఒకరు వచ్చి, కుర్రవానిని ప్రక్కకు తప్పించి, కంప్యూటరులో వెదకి, ఆ పార్టు నెంబరు ఇది, స్టాకు లేదు, అడ్వాన్సు కట్టినచో వ్రాసి పంపెదము, వచ్చునని మాత్రము హామీ ఈయజాలము అని మర్యాదగా విన్నవింతురు. బావగారు ఆ నెంబరును కరెంటు బిల్లు వెనుక సుందరమైన అక్షరములతో వ్రాసికొని, అటుపిమ్మట జేబులోనుండి ఫోను తీసి, "చూడండి, ఇక్కడ ఇరవై రూపాయలు తక్కువ. పైగా ఇంటికి తెచ్చి ఇస్తాడు" అందురు.

"అయితే అక్కడే తీసుకోండి మాస్టారూ."

"అది ఒరిజినలని నమ్మకమేమిటి?"

ఈ ప్రశ్నకు ఆ ఉద్యోగి యొద్ద ఉత్తరము లేదు. ఉండుటకు వీలును లేదు. అది ఆయనను అడుగదగిన ప్రశ్నయే కాదు. బావగారు మాత్రము వాదములో నెగ్గిన తార్కికునివలె మెట్లు దిగి వచ్చెదరు.

రాత్రి భోజనానంతరము రెండవ అంకము ప్రారంభమగును. కండ్లద్దములు నుదుటిపైకి నెట్టి, ఫోనును ముక్కునకు ఆనించి, ఆ జెట్ చిత్రమును పెద్దది చేసి, మరింత పెద్దది చేసి, అది జెట్టో చెట్టో తెలియనంత పెద్దది చేసి పరిశీలింతురు. క్రింద "చిత్రము నమూనా మాత్రమే" అని ఉన్నచో ఇక చూడవలె ఆయన ఆగ్రహము! వస్తువు ఏ దేశమున తయారైనదో అమ్మకమునకు ముందే తెలుపవలెనని 2020 నాటి వినియోగదారుల నిబంధనలు ఘోషించుచుండగా ఈ విక్రేత ఆ గడిని ఖాళీగా విడిచినాడేమని, ఏమియు నెరుగని మా అక్కయ్యను నిలదీయుదురు. కొనుగోలుదారుల అభిప్రాయములను ఒక్కటి విడువక చదువుదురు. ఐదు నక్షత్రములిచ్చినవారందరు విక్రేత బంధువులని ఆయన సిద్ధాంతము. ఒక్క నక్షత్రమిచ్చి, డబ్బా నలిగి వచ్చినదని ఏడ్చిన అజ్ఞాతవ్యక్తి ఒక్కడే సత్యసంధుడు. తుదకు దానిని బుట్టలో వేసి, "రేపు షోరూములో ఇంకొక్క మాట కనుక్కొని..." అని పడుకొందురు. అది మొదలు ఆ ఫోను, మీరు బుట్టలో మరచినది మీకై వేచియున్నది సుమా యని, దినమునకు రెండుమార్లు దీనముగా వేడుకొనుచునే యుండును. అట్టి విన్నపములకు కరగువారైనచో ఆయన గణితమే బోధించియుండరు.

"పెళ్లిచూపులకి మన ఇంటికొచ్చి, కూర్చున్నంతసేపూ ఏలూరు సంబంధం గురించే మాట్లాడారు మీ బావ. అప్పుడే గ్రహించవలసింది," అని అక్కయ్య ఒకనాడు కాఫీ ఇచ్చుచు అన్నది. ఆ ఏలూరివారింటికి పోయి మా ఇంటిని పొగడినారట. ఆ పొగడ్త విని విసిగియే వారు వేరు సంబంధము చూచుకొన్నారని మా బంధుకోటిలో ఐతిహ్యము.

ఈ ఉభయపక్షముల వాదప్రతివాదములు సాగుచుండగా అసలు బండి నడచుట ఎట్లని పాఠకులకు సంశయము కలుగవచ్చును. మా మేస్త్రీ ఆ వాదము విన్నంతసేపు విని, బీడీ పారవైచి, ఆటోనగరునకు పోయి, పాత సామానుల అంగడిలో గుట్టలు త్రవ్వి, దానికి సరిపడునదో, సరిపడునట్లు అరగదీయదగినదో తెచ్చి బిగించి పోవును. బావగారి దృష్టిలో ఇది తాత్కాలికపు ఏర్పాటు. శాశ్వతపరిష్కారము ఇంకను విచారణలోనే ఉన్నది. 2016 కృష్ణా పుష్కరములనాడు బిగించిన ఇగ్నిషన్ కాయిలు నేటికిని తాత్కాలికముగనే పనిచేయుచున్నది.

2025 ఆగస్టు పదునైదవనాడు ఎర్రకోటనుండి పన్నుల తగ్గింపు ప్రకటన వెలువడిననాటి ముచ్చట వేరు. క్లచ్ తీగ అప్పుడే తెగినది. విడిభాగములపై జి.ఎస్.టి. ఇరువదియెనిమిది శాతమునుండి పదునెనిమిదికి దిగునని రూఢియగుటతో, కొత్త రేటు అమలునకు వచ్చిన సెప్టెంబరు 22 వరకు ఆయన సిటీ బస్సులో తిరిగినారు. నూటయేబది రూపాయల తీగపై మిగులునది పండ్రెండు రూపాయల లోపేనని నేను కాగితముపై లెక్కవేసి చూపగా, లెక్క సరిగానే ఉన్నదని ఎర్రసిరాతో టిక్కు పెట్టి ఇచ్చి, బస్సునకు వెడలిపోయినారు.

నాకు ఆయనపై గల అసలు కోపము ఇది కాదు. ఇంటిలోనున్న ఇనుము చాలును, ఇక ఒక్క పొట్లము గడప దాటి వచ్చినను తాను పుట్టింటికి పోవుదునని అక్కయ్య శపథము చేసినది. పుట్టిల్లనగా ప్రస్తుతము మా ఇల్లే. అందుచేత ఆమెకు ముందుగా పొట్లములే మా ఇంటికి వచ్చుచున్నవి. నేను ఆఫీసులో పెద్దల సమక్షమున ఉండగా ఫోను మ్రోగును: "ఏమోయ్, కుర్రాడొకడు వస్తున్నాడు. ఓటీపీ పంపాను, చెప్పి తీసుకో. విప్పకు!" విప్పుట యన్నది మా ఇంట ఒక క్రతువు. మోసము జరిగినచో సాక్ష్యముండవలె గనుక మా ఆవిడ ఫోనుతో చిత్రీకరించును, నేను బ్లేడుతో కోయుదును, బావగారు నల్లబల్ల ఎదుట నిలిచిన ఫక్కిలో తేది, వారము, డబ్బా పొడవు, వెడల్పు చదువుదురు. ఉల్లిపాయలు తరుగుచున్న చేతితో చిత్రీకరించుటవలన మా ఆవిడకు కన్నీరాగదు. తరువాత ఆ దృశ్యమును చూచువారు లోన ఏ ఘోరము బయల్పడినదో యని భయపడుదురు.

అయినను నిజము చెప్పవలె. ఆయిల్ సీలును రెండు వ్రేళ్ళనడుమ మడచి, విడిచి, వాసన చూచి, ఇది అసలుదో డూప్లికేటో చెప్పగలవారు మా పేటలో ఆయన యొక్కరే. డబ్బాపై అచ్చులోని ఒక్క అక్షరము లావెక్కినను పట్టుకొందురు. పార్టు నెంబరులో ఒక అంకె మారినచో అది ఏ మోడలునకు చెందునో కాగితము చూడక చెప్పుదురు. పాలవాడు, పురోహితుడు, మా వీధి చివరి ఎల్.ఐ.సి. ఏజెంటు, తమ తమ వాహనముల డబ్బాలను మొదట ఆయన అరుగుమీదికే తెత్తురు. వారి పక్షమున ఆయన తీర్పు క్షణములో వెలువడును: "ఇది వద్దు, తిరిగిచ్చెయ్యి, అది తీసుకో." పరుల బండి విషయమున ఇంత నిశ్చయము గల బుద్ధి, తన బండి దగ్గరకు వచ్చుసరికి ఏల ఊగిసలాడునో నాకు బోధపడదు. నేను మందుల షాపులో నిలిచి ఫోనులో ధర చూచుకొనుచుండగా నాలుగు దినములక్రిందట మా ఆవిడ నావైపు చూచిన చూపునకును దీనికిని సంబంధము లేదు.

గత మాసమున మాత్రము ఒక అద్భుతము జరిగినది. షోరూమును గాని, మరెవరిని గాని సంప్రదింపక, అర్ధరాత్రి ఒంటరిగా, బావగారు స్పీడోమీటరు నొకదానిని ఆన్‌లైనులో కొనివైచినారు. క్రతువు యథావిధిగా జరిగినది. వస్తువు అసలుదే, అచ్చు నిర్దుష్టము, అద్దము నిర్మలము. కాని అది కాన్పూరువారి ఎల్.ఎమ్.ఎల్. వెస్పాది. తిరిగి పంపుటకు గడువున్నది గదా యని నేననగా, ఆయన దానిని దీపమునకెదురుగా పట్టి చాలసేపు చూచి, "ఇలాంటి ఒరిజినల్ మళ్లీ దొరుకుతుందటోయ్? దీన్ని పంపించడం పాపం" అన్నారు. గడువు దాటినది. ఇప్పుడు ఆ మీటరునకు సరిపడు బండి కొరకై అన్వేషణ సాగుచున్నది. గుడివాడలో ఒకరి దొడ్డిలో వెస్పా యొకటి ఉన్నదని తెలిసినది. చూచివచ్చుటకు వచ్చే ఆదివారము నన్ను వెనుక కూర్చుండుమన్నారు. అక్కడ ఆ బండి యజమానితో తెనాలిలోని మరొక బండిని గూర్చి ఏమేమి మాట్లాడవలెనో, ఆ పాయింట్లు అప్పుడే కరెంటు బిల్లు వెనుక వ్రాసిపెట్టుకొన్నారు.