ప్రణాళిక క్షేమం, ఊరే మునిగింది

విపత్తు ప్రణాళిక సిద్ధంగానే ఉంది. కంగారు పడకండి. జిల్లాకొకటి ఉండి తీరాలని 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం చెప్పింది. స్థానిక సంస్థలను సంప్రదించి రాయమంది. ఏటా సవరించమంది. పంచాయతీలు కూడా తమకంటూ ఒకటి రాసుకోవాలని 2022 మార్చిలో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఇంకో ప్రణాళిక విడుదల చేసింది. అంటే, ప్రణాళికలు ఎలా రాయాలో చెప్పే ప్రణాళిక అన్నమాట. మరింకేం? కపిలేశ్వరపురం వెళ్లండి. గౌతమి గట్టెక్కి నలుగురిని ఆపండి. గోదారి పెరిగితే ముందు ఎవరిని దాటించాలి, మంచాన ఉన్న ముసలమ్మను ఎవరు మోయాలి, గేదెలను ఎక్కడ కట్టాలి? ఇవన్నీ రాసిన కాగితం ఎప్పుడైనా చూశారా అని అడగండి. చూసినవాడు ఒక్కడు దొరికినా శాలువా కప్పండి.

సంప్రదించారట. ఎవరిని? ఎప్పుడు? ఏ అరుగు మీద కూర్చుని?

ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక. 13 లక్షలకు రెండోది. 17 లక్షలకు మూడోది. టీవీలో స్క్రోలింగ్ చూడముచ్చటగా ఉంటుంది. కేదారలంకలోనో, వీధివారిలంకలోనో ఉన్నవాడికి కావలసిన లెక్క అది కాదు. నా గుమ్మంలోకి నీళ్లు ఎన్ని గంటలకొస్తాయి? పడవ ఎవరిది? అందులో డీజిల్ ఎవరు పోయిస్తారు? 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల గోదారిని కళ్లారా చూసినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఏ మెరక ఎప్పుడు మునుగుతుందో, ఏ పాయ ఎటు కోస్తుందో వాళ్లనడిగితే చెబుతారు. ఆ తెలివి ఏ ఫైలుకైనా ఎక్కిందా? ఎక్కదు. ఎక్సెల్ షీటులో దానికి గడి లేదు.

గ్రామసభలు పెట్టలేదా అంటారేమో. భలేవారే! 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు పెట్టారు. సాక్షాత్తూ ముఖ్యమంత్రే కోనసీమలోని వానపల్లికి వచ్చి కూర్చున్నారు. ప్రపంచ రికార్డు పత్రం కూడా వచ్చింది. సంతోషం. ఆ పత్రం పట్టుకుంటే వరద ఆగుతుందా? ఉపాధి హామీ పనుల జాబితా తీర్మానమైంది, చప్పట్లు కొట్టారు, జనం ఇళ్లకు పోయారు. తుఫాను వస్తే ఊరు ఏం చేయాలనే మాట ఎన్ని సభల్లో వినబడిందో రికార్డు ఇచ్చినవాళ్లు లెక్కపెట్టారా?

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, కొబ్బరితోటలను పడుకోబెట్టింది. అప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అప్పుడూ ఆయనే. ఈ మధ్యలో ప్రభుత్వాలు జనాన్ని ముందుగా తరలించి ప్రాణాలు కాపాడటం నేర్చుకున్నాయి, మెచ్చుకుందాం. కాపాడిన ప్రాణం మర్నాటి నుంచి ఏం తిని బతకాలన్నది మాత్రం సిలబస్‌లో లేదు.

సాయం ఇస్తున్నారు కదా! 2022 గోదావరి వరదకు ఇంటికి 2,000. 2025 మొంథాకు ఇంటికి గరిష్ఠంగా 3,000, పాతిక కిలోల బియ్యం. మూడేళ్లలో వెయ్యి పెరిగింది. ఈ లెక్కన ఇంకో పది తుఫానులు ఓపిక పడితే ఓ రేకుల షెడ్డు వేసుకోవచ్చు, ఆయ్! 2022 జూలైలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి లంకల్లో తిరిగారు. జి.పెదపూడికి వంతెన అన్నారు. ఆ తర్వాత వచ్చిన వరదల్లోనూ అక్కడికి వెళ్లే బూరుగులంక రేవులో తాత్కాలిక బాట కొట్టుకుపోయింది, బడిపిల్లలు పడవే ఎక్కారు. ఇసుక లారీకి మాత్రం ఏటి మధ్యదాకా బాట రాత్రికి రాత్రే పడుతుంది. ఆ ప్రణాళిక ఎవరు రాస్తారో గానీ ఒక్కనాడూ తప్పదు.

ఇక మురుగు కాలువ. సరిగ్గా చూడండి దాన్ని. పైన నీళ్లు కనబడవు, గుర్రపుడెక్క కనబడుతుంది. ఊదారంగు పూలతో ముచ్చటగా ఉంటుంది. కింద పూడిక. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తీయాలి దాన్ని. అంచనాలు, అనుమతులు, టెండర్లు పూర్తయ్యేసరికి తొలకరి. నీళ్లు వదిలాక పొక్లెయిన్ దిగుతుంది. తీసిన డెక్కను గట్టు మీదే పోస్తుంది. మొదటి వానకు అది మళ్లీ కాలువలోకే. బిల్లు మాత్రం ఒడ్డెక్కుతుంది. అక్టోబరు నెలాఖరుకి చేను పాలు పోసుకుంటుంది. గాలికి పడిపోతుంది. పడ్డ చేను లేపి దుబ్బులు కట్టుకుందామంటే మడిలో నీళ్లు లాగవు. లాగాల్సిన కాలువే ఎగదన్నుతోంది మరి! చేనును పడేసింది తుఫాను, కుళ్లబెట్టింది ఎవరు? 2011లో ఈ పాట్లూ తోడై కోనసీమ రైతులు సార్వా మానేసి పంట విరామం ప్రకటించారు. దేశమంతా నోరెళ్లబెట్టింది. మోహన్ కందా కమిటీ వేశారు. నివేదిక వచ్చింది. అదీ క్షేమమే.

నష్టం రాయడానికి వస్తారు. పంట 33 శాతం పోవాలి. 32 పోతే? ఏమీ పోనట్టే. నీటి వసతి ఉన్న పొలానికి కేంద్రం లెక్క హెక్టారుకు 17,000, అంటే ఎకరాకు ఏడు వేలు కూడా రాదు. అదైనా ఎవరికి? డెల్టాలో నాట్లు వేసేది, మందు కొట్టేది, పడ్డ చేను ముందు కూలబడేది చాలాచోట్ల కౌలు రైతు. కౌలు కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం భూయజమాని సంతకం పెట్టాలి. హైదరాబాదులో ఉన్న దొరగారు పెడతారా? పెడితే పొలం పోతుందని ఆయన భయం. కార్డు లేదు, ఈ-క్రాప్ పంట నమోదులో పేరు లేదు, పరిహారం లేదు. మక్తా బస్తాలు మాత్రం కొలవాల్సిందే. గాలివానకు కార్డు చూసి కొట్టడం తెలియదు పాపం.

హెలికాప్టరు నుంచి ఇవేవీ కనబడవు. నీళ్లు తళతళా మెరుస్తాయంతే.

పొరుగున ఒడిశా ఉంది. 1999లో సూపర్ సైక్లోన్‌కు దాదాపు పది వేల మందిని పోగొట్టుకుంది. ఆ తర్వాత ఊళ్లనే కూర్చోబెట్టి దారుల పటాలు గీయించింది, కసరత్తులు చేయించింది. 2020లో వెంకటరాయపూర్, నోలియాసాహి అనే రెండు పల్లెలకు సునామీని ఎదుర్కోవడానికి సిద్ధమన్న యునెస్కో గుర్తింపు వచ్చింది. పేర్లు వింటేనే తెలుస్తోంది కదా, అక్కడి తీరంలో స్థిరపడ్డ మన తెలుగు జాలర్ల వాసన. అక్కడ మనవాళ్ల చేతికి పెన్నిచ్చారు. ఇక్కడ వేలిముద్ర అడుగుతున్నారు.

సరే, ఓ పని చేద్దాం. తుఫాను లేని రోజు చూసుకుని పంచాయతీ కార్యాలయానికి పోదాం. సమాచార హక్కు చట్టం కింద ఒకే ఒక్క ప్రశ్న: 'మా ఊరి విపత్తు ప్రణాళిక నకలు ఇప్పించగలరు.' మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు కూడా లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఈలోగా బంగాళాఖాతంలో వాయుగుండం గనక పడితే, అప్పీలుకు ఇంకో ముప్పై రోజులు ఉందని దానికి ఎవరైనా కాస్త చెప్పండి.