షటరు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
చేయి వణికెనేని చిత్రమ్ము చెదరును
కటకమెంతొ షటరు గడియ యంతె
ముందు డొక్కకొత్తి మోచేయి పిమ్మట
నూపిరాపి మెల్లనొత్తు మీట

ప్రతిపదార్థం: చేయి = కెమెరా పట్టిన చెయ్యి; వణికెనేని = వణికిందా (నాది వణకదనే ధీమా వద్దు, కాఫీ తాగి వచ్చినవాడికి మరీను); చిత్రమ్ము = ఫొటో; చెదరును = అలుక్కుపోతుంది; కటకము = లెన్సు; ఎంతొ = ఎన్ని మిల్లీమీటర్లో; షటరు గడియ = షట్టరు తెరుచుకుని ఉండే సమయం; అంతె = సెకనులో అన్నో వంతు; డొక్కకు = పక్కటెముకలకు; ఒత్తి = ఆనించి; పిమ్మటన్ = ఆ తర్వాతే; ఊపిరి ఆపి = శ్వాస నిలిపి; మెల్లన = మెత్తగా; ఒత్తు = నొక్కు; మీట = బటను.

తాత్పర్యం: 50 లెన్సుకు షట్టరు సెకనులో 50వ వంతు కంటే, 200 లెన్సుకు 200వ వంతు కంటే నిదానం కారాదు. దూరాన్ని దగ్గరికి లాగే లెన్సు మన వణుకునీ అంతే పెద్దది చేసి చూపిస్తుంది. సెన్సరు చిన్నదైతే ఆ అంకెను ఒకటిన్నరతో హెచ్చవేయాలి. అప్పుడు 50కి 80వ వంతు పెట్టుకోవడం క్షేమం.

విశేషాలు: షట్టరులో ఒక టకారం గణాల కోసం బలైంది, క్షమించవచ్చు. 'వంతు' అనే మాట మింగెయ్యడం మాత్రం ఘోరం. పద్యాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుంటే 50 లెన్సుకు 50 గడియలు, అంటే 20 గంటలు షట్టరు తెరిచి కూర్చోవాలి. పెళ్లి అయిపోయి అప్పగింతలూ అయిపోతాయి.

'ఒత్తు' రెండుసార్లు వచ్చింది. పునరుక్తి అనకండి. మొదటిది గట్టిగా, రెండోది మెత్తగా. ఈ తేడా తెలియకే నేను మా మేనమామ కూతురి పెళ్లిలో చెడ్డాను. తెల్లవారుజాము ముహూర్తం, మండపంలో గుడ్డి వెలుగు. ఆటోలో పెడితే కెమెరా షట్టరును 8వ వంతుకు దించేసింది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన, చేతులు చాచి, బటను మీద బాదాను. పిన్ని చూసి, "ఏరా, పెళ్లికూతురికి నాలుగు కళ్లున్నాయేంట్రా?" అంది.

తప్పు ఎవరిదో ఫొటోయే చెబుతుంది. వెనక సీరియల్ బల్బులన్నీ ఒకే వంకర తిరిగిన వానపాముల్లా ఉన్నాయి, కాబట్టి కదిలింది నేనే. స్తంభం నిటారుగా ఉండి వధువు చెయ్యి మాత్రం అలికినట్టుంటే కదిలింది ఆవిడ. ఈ రెండోదానికి పద్యంలో మందు లేదు. తలంబ్రాలకు ఎంత వణుకు తగ్గించే లెన్సయినా పనికిరాదు, 250వ వంతుకు పోవలసిందే.

అంత వెలుగు ఎక్కడిది అంటారా? ఐఎస్ఓ పెంచండి. 400లో 15వ వంతు వచ్చేచోట 1600 పెడితే 60వ వంతు వస్తుంది. ఫొటోలో కాస్త రవ్వ పోసినట్టు కనిపిస్తుంది, కనిపించనివ్వండి. రవ్వ వెనక మొహం మొహంలాగే ఉంటుంది.

'ఊపిరాపి' అన్నారని ఛాతీ నిండా గాలి బిగబట్టేవాళ్లున్నారు. గుండె దడ కెమెరాకు ఎక్కుతుంది. సగం వదిలి, ఆ చిన్న సందులో నొక్కాలి. మండపం స్తంభానికి వీపు ఆనిస్తే ఇంకా మంచిది, అక్కడ అప్పటికే ఒక బాబాయి ఆనుకుని నిద్రపోతూ ఉండకపోతే.