రాయికి పర్మిట్టుంది, మనిషికి?

చిత్తూరు జిల్లాలో రాయిగా పుట్టాలంటే పెట్టి పుట్టాలి. కుప్పం కొండలోంచి పచ్చ గ్రానైట్ బ్లాకు ఒకటి ఊడివచ్చిందంటే ఎంత మర్యాద! టేపు పట్టి పొడవు, వెడల్పు, ఎత్తు కొలుస్తారు. లెక్కగట్టి సర్కారు రుసుం సీనరేజీ వసూలు చేస్తారు. ఒంటిమీద రంగుతో నంబరు వేసి, చేతికి పర్మిట్టిచ్చి లారీ ఎక్కిస్తారు. దారిలో తనిఖీ స్క్వాడు ఆపి కాగితాలడుగుతుంది. మూల కాస్త చిట్లితే ఓనరుకు నిద్రపట్టదు.

ఆ బ్లాకును విడగొట్టినవాడు ఒడిశా నుంచి వచ్చాడో, పలమనేరు పక్కపల్లె వాడో, అడిగే దిక్కుండదు. కాళ్లకు హవాయి చెప్పులు. తలకు చుట్టుకున్న తువ్వాలే హెల్మెట్టు. దుమ్ము లేస్తే దాన్నే ముక్కుకు కట్టుకుంటాడు, అప్పుడది మాస్కు. దెబ్బ తగిలితే కట్టు కూడా దాంతోనే. ఒకే గుడ్డతో మూడు భద్రతా ఏర్పాట్లు! ఇంత పొదుపు ఏ ప్రభుత్వ పథకానికైనా చేతనైందా?

జాక్ హామర్‌తో పొడిగా రంధ్రం వేస్తుంటే లేచే తెల్లదుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్. నయం చేసే మందు లేదు. నీళ్లు వదులుతూ డ్రిల్లింగ్ చేస్తే దుమ్ము చాలావరకు అణిగిపోతుంది. కానీ రాయలసీమలో నీళ్లెక్కడివండీ? ఉన్న కాసిని రాయికి పాలిష్ పట్టడానికే చాలవు. రాయి ముఖం మెరవాలి కదా! ఇక దగ్గుతూ ఆస్పత్రికి పోయినవాడికి చాలాసార్లు టీబీ అని చీటీ రాస్తారు. ఓనరుకు అంతకన్నా మంచి వార్త లేదు. టీబీకి ఆయన పూచీ కాదు.

చట్టాలు లేవనకండి. 1952లోనే గనుల చట్టం వచ్చింది. గోడలా నిలువునా తవ్వకండి, మెట్లు మెట్లుగా దిగండి అన్నాయి 1961 నాటి రెగ్యులేషన్లు. శిక్షణ ఇవ్వందే పనిలోకి దించొద్దన్నాయి 1966 నియమాలు. పనిపంపకమే బహు ముచ్చటగా ఉంది. రాయి మీద రాబడి రాష్ట్రానిది. ప్రాణం మీద తనిఖీ కేంద్రానిది. ఆ తనిఖీ చేసే గనుల భద్రతా సంస్థ హెడ్డాఫీసు ధన్‌బాద్‌లో ఉంది. రాయిని కొలిచేవాడు ముందే వస్తాడు. మనిషిని కొలిచేవాడు పంచనామాకు వస్తాడు.

2018 ఆగస్టు 3న కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీలో పేలుడు, పదిమందికి తక్కువ కాకుండా పోయారు. 2021 మే 8న కడప జిల్లా మామిళ్లపల్లె ముగ్గురాయి గని దగ్గర జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి పదిమంది. 2025లో మళ్లీ ఆగస్టు 3నే, బల్లికురవ గ్రానైట్ క్వారీలో బండలు విరిగిపడి ఆరుగురు ఒడిశా కూలీలు. ప్రతిసారీ నాయకులు దిగ్భ్రాంతి చెందుతారు. దిగ్భ్రాంతికి సీనరేజీ లేదు మరి, ఎంతైనా చెందవచ్చు. క్వారీ రిజిస్టరుకెక్కని కూలీ పేరు ఎఫ్ఐఆర్‌లో మాత్రం తప్పుల్లేకుండా పడుతుంది.

అయ్యా, గనుల శాఖవారూ! కొత్త చట్టాలేమీ అడగడం లేదు. రాయి లెక్కతోపాటు మనిషి లెక్కా అడగండి. ఎందరు దిగారు, ఎవరికి శిక్షణ ఇచ్చారు, ఎవరి ఛాతీకి ఎక్స్‌రే తీశారు? ఆ కాగితం చూపనివాడికి రాయి పర్మిట్టు ఆపండి. ఒక్క నెల ఆపి చూడండి, హెల్మెట్లు లారీల్లో దిగుతాయి.